పక్కకు దూకే మనుషులు

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నా కాళ్లు నావి కావనిపిస్తుంది. పేట నుంచి వినుకొండ పోయే బస్సులో కండక్టరు పని నాది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్సులో నిలబడటానికి కూడా చోటుండటం లేదు. సున్నా టిక్కెట్లు కొట్టి కొట్టి బొటనవేలు మొద్దుబారుతోంది. ఇంట్లోకి రాగానే సంచీ మేకుకు తగిలించి, గోడకు ఆనుకుని కూర్చుని, కాసేపు నన్నెవరూ పలకరించకపోతే చాలు అనుకుంటాను. మా వాడికి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

వాడు డిగ్రీ చదువుతున్నాడు. చదువుతున్నాడని వాడే చెబుతాడు, నేనైతే కళ్లారా చూసింది లేదు. పాత వీడియో గేములు ఎక్కడెక్కడివో వెతికి పట్టుకొచ్చి, ఆడి, వాటి బాగోగులు చెబుతూ ఫోనులో వీడియోలు తీసి పెట్టడం వాడి పని. మొన్న నేను అలా కూలబడ్డానో లేదో, ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఇది సూడు. నీ చిన్నప్పటి గేమంట. ఎప్పుడన్నా సూశావా?"

తెర మీద బూడిద రంగు రోడ్డు. రోడ్డుకు అటూ ఇటూ అగ్గిపెట్టెల్లాంటి మేడలు, దూరంగా ఇనుప వంతెన. మధ్యలో ఒక ఎర్ర కారు ఊరికే ఆగి ఉంది. నా ముక్కుకు ఒక్కసారిగా మిరపకాయల ఘాటు తగిలింది. ఇంట్లో మిరపకాయలేమీ లేవు.

"సూడటమేంది, ఆడాను కూడా," అన్నాను.

వాడు నమ్మలేదు. రెండు మూడు ప్రశ్నలు వేసి, వంతెన మధ్యకు పోతే ఏమవుతుందో నేను చెప్పాక నమ్మాడు. నమ్మాక ఇక వదల్లేదు.

"అయితే నువ్వే చెప్పమ్మా. ఈ గేములో బాగున్నయ్యేంది, బాగలేనియ్యేంది. ప్లస్సులు, మైనస్సులు. నేను రికార్డు చేసుకుంటా."

"అలిసిపోయున్నా నాయనా. రేపు."

"రేపు కూడా ఇదే అంటావు."

నిజమే, రేపు కూడా అదే అంటాను. వాడు ఫోను గ్లాసుకు ఆనించి నా ముఖం మీదికి తిప్పి, కాఫీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పోయాడు. నేను ఆ ఎర్ర కారును చూస్తూ కూర్చున్నాను.

మా ఇల్లు అప్పట్లో పేటలోనే, లారీల షెడ్ల వెనక సందులో ఉండేది. ముందు వరసంతా మెకానిక్కులు, బాడీ కట్టేవాళ్లు, టైర్లు అతికేవాళ్లు. వెనక వరసలో మేము. పొద్దున్నే లేస్తే గ్రీజు వాసన, వెల్డింగు వాసన, పక్కింటి పొయ్యి మీద మాడిన పాల వాసన. మాఘమాసం వచ్చిందంటే వీటన్నిటినీ మించి మిరపకాయల వాసన. ఏ రోడ్డు మీద చూసినా మిరప బస్తాల ట్రాక్టర్లే. ఊరు ఊరంతా తుమ్ముతూ తిరిగేది. ఆ తుమ్ములకు అలవాటు పడి, ఎవరు తుమ్మినా మా సందులో ఎవరూ చిరంజీవ అనేవాళ్లు కాదు.

షెడ్లలో మొదటిది చాచాది. మాకు చుట్టమేమీ కాదు, నాన్న ఆయన్ని భాయ్ అనేవాడు గనక మాకు చాచా. లారీలకు బ్రేకులు, స్టీరింగులు ఆయన చేతి మీదే బాగుపడాలని మాచర్ల దాకా పేరు. గళ్ల లుంగీ, భుజాన గ్రీజు గుడ్డ, నోటినిండా కోపం. ఆ కోపానికి ఎవరూ భయపడేవాళ్లు కాదు, ఆఖరికి షెడ్డులో పిల్లి కూడా.

ఆయన కొడుకు గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, గ్రీజు ముట్టుకోనని కూర్చున్నాడు. షెడ్డులో సగానికి ప్లైవుడ్ అడ్డం కొట్టి, నీలం రంగు వేసి, కంప్యూటర్లు పెట్టాడు. పిల్లలం అన్నా అనేవాళ్లం. గోడకు ఇటువైపు సుత్తి మోత, అటువైపు గేముల మోత. చాచా టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఏరా, ఇయ్యాల ఎన్ని బళ్లు రిపేరు చేశావు?" అని కొడుకును రోజూ ఎద్దేవా చేసేవాడు. చేస్తూనే లోపలికి తొంగి చూసేవాడు.

అక్కడి గేముల్లో మా ప్రాణం ఈ కారు ఆట మీదే. దాంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ స్టీరింగును పిల్లలు పీకి పీకి విరగ్గొట్టేశారు. అన్న తల పట్టుకుంటే, చాచా తిట్టుకుంటూనే ఒక పాత జీపు స్టీరింగు తెచ్చి దానికి బోల్టులు వేసి బిగించాడు. తిప్పాలంటే రెండు చేతులతో పాటు భుజం కూడా కావాలి. ఆ షాపులో కూర్చుని ఆడినవాళ్లం ఇంటికొచ్చి అన్నం కలుపుకోలేక చేతులు విదిలించుకునేవాళ్లం.

ఆడపిల్లను ఆ షాపుకు ఎవరు పంపుతారు? నేను చాచా భార్య, చాచీ దగ్గర మిషన్ కుట్టడం నేర్చుకుంటున్నానని అమ్మకు చెప్పాను. చాచీ ఇంటికి ఒక తలుపు షెడ్డులోకి ఉండేది. నేను ఆ తలుపు దాటి గేము దగ్గర ఉంటే, చాచీ పాపం ఓ జాకెట్టు అంచు తనే కుట్టి సాయంత్రం నా చేతికిచ్చి పంపేది. అమ్మ ఆ కుట్టు వెలుతురులో పెట్టి చూసి, "దీని చెయ్యి ఎంత కుదురో!" అని సందులో అందరికీ చూపించేది. ఆ జాకెట్లు చూసి ఒకావిడ వాళ్ల అమ్మాయి పెళ్లి బట్టలు కుట్టమని కూడా అడిగింది. ఆ గండం ఎలా గడిచిందో ఇప్పుడు తల్చుకున్నా నవ్వొస్తుంది.

వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని, ఉల్లి సమోసా తింటూ, ఆ గేము గొప్పదా చెత్తదా అని మేం చేసిన వాదనలు అసెంబ్లీలో కూడా జరిగి ఉండవు. గొప్పేమిటంటే, పందెం కట్టి తీరాలని లేదు. ఊరికే తిరగొచ్చు. ఆ ఊరు ఎక్కడిదో మాకు తెలియదు, సముద్రం అవతలిది. మన బజార్లో నడిచినట్టే అందులో సందులన్నీ మాకు తెలుసు. వాన పడితే రోడ్డు మీద దీపాల నీడలు సాగేవి. అది చూడటానికే నేను నా వంతు వాన కోసం అట్టిపెట్టుకునేదాన్ని. వంతెన మధ్యలో పైకి లేచేది. సరిగ్గా అప్పుడు పోతే కారు గాల్లోకి లేచి అవతల పడేది.

చెత్తేమిటంటే, ఎంత గట్టిగా గుద్దినా బానెట్టు సొట్ట పడదు. అందరూ కుడివైపున పోతారు. హారను గొంతు పట్టేసినట్టు ఉంటుంది. స్పీడు బ్రేకరు లేదు, గేదె లేదు, అడ్డం వచ్చే ఆటో లేదు. సముద్రం ఒడ్డుదాకా పోతాం గానీ దిగి కాళ్లు తడుపుకోలేం.

అన్నిటికన్నా పెద్ద తగువు మనుషుల గురించి. ఫుట్‌పాత్ మీద మనుషులు నడుస్తూ ఉంటారు. వాళ్ల మీదికి కారు పోనిస్తే చటుక్కున పక్కకు దూకేస్తారు. వెనక నుంచి పోనీ, ముందు నుంచి పోనీ, గోడకు అదిమి పోనీ, ఎలాగోలా దూకి తప్పుకుంటారు. పిల్లలకు పంతం, ఒక్కడినైనా తగిలించాలని. ఎవరి వల్లా కాలేదు. "వేస్టు గేమురా, ఒక్కడికీ తగలదు," అని విసుక్కునేవాళ్లు. నేను మాత్రం ఆ మాట వింటే చేతిలో సమోసా పక్కన పెట్టేసేదాన్ని.

ఎందుకంటే మా నాన్న లారీ డ్రైవరు. ఆ ఏడు సంక్రాంతి ముందు, మాచర్ల వైపు నుంచి నాపరాళ్లు వేసుకుని వస్తూ, శావల్యాపురం దాటాక, పొద్దు గూకే వేళకు ఒక మనిషిని గుద్దాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాయన. లారీని చూసి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. నాన్న బ్రేకు తొక్కాడు. బండి ఆగేలోపే ఆయన పోయాడు.

పోలీసులు, కోర్టులో బెయిలు, పెద్దమనుషుల మాటలు అన్నీ అయ్యాయి. బండి బ్రేకులు బాగానే ఉన్నాయని పరీక్ష చేసిన ఆఫీసరు రాసిచ్చాడు. తప్పు నాన్నది కాదని అందరూ అన్నారు, చనిపోయినాయన తోడబుట్టినవాడితో సహా. ఆయనే వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం ఏం జేస్తావులే," అని పోయాడు. ఆ మాటతో నాన్న ఇంకా కుంగిపోయాడు. అప్పటినుంచి గోడవైపు తిరిగి మంచం మీద పడుకోవడమే. సైకిలు కూడా ముట్టుకోలేదు.

సాయంత్రాలు మా వాకిట్లో సందు పెద్దలంతా చేరేవాళ్లు. ఒకళ్లు దర్గాలో తాయెత్తు కట్టించమన్నారు. ఒకళ్లు కోటప్పకొండ ఎక్కి కాయ కొట్టమన్నారు. ఒకళ్లు బండికి దిష్టి తీసి నిమ్మకాయలు తొక్కించమన్నారు. ఎవరేం చెప్పినా నాన్న కాదనలేదు. కొండ ఎక్కాడు, తాయెత్తు కట్టుకున్నాడు, ఏ దేవుడినీ నొప్పించలేదు. స్టీరింగు మాత్రం పట్టుకోలేదు.

అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక చేతులు మంటలెత్తి మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. లారీ ఓనరు చెడ్డవాడు కాదు. శివరాత్రి దాకా చూస్తానని, ఆ తర్వాత వేరే డ్రైవరును ఎక్కిస్తానని కబురు చేశాడు. అదే జరిగితే బడి మాన్పించి నన్ను కూడా తొడిమలకు తీసుకుపోవాల్సిందేనని అమ్మ చాచీతో చెబుతుంటే విన్నాను. ఆ మాట చెప్పి అమ్మ ఏడ్చింది. మజ్జిగలో ముంచిన చేతులతో కళ్లు తుడుచుకోబోతే చాచీ పట్టుకుని ఆపింది.

లారీ చాచా షెడ్డులోనే ఉండేది. పగిలిన లైటు, అద్దం ఎప్పుడో వేసేశారు. బ్రేకులు మాత్రం చాచా కట్టేవాడు, చూసేవాడు, మళ్లీ విప్పేవాడు. ఆ బండికే కాదు, అప్పట్లో ఏ బండికైనా అంతే. వయసు మీద పడి చాదస్తం పట్టుకుందని చాచీ విసుక్కునేది.

ఒకరోజు బడి నుంచి వస్తూనే నాన్న మంచం దగ్గరికి పోయి, "నాన్నా, చాచా పిలుస్తన్నాడు. కంప్యూటర్ షాపులో స్టీరింగు ఊగుతందంట, నువ్వొచ్చి సూడాలంట," అన్నాను. చాచా పిలవనూ లేదు, స్టీరింగు ఊగనూ లేదు. మేం షెడ్డులోకి పోయేసరికి చాచా నా ముఖం చూశాడు, నాన్న ముఖం చూశాడు.

"ఇప్పుడా వచ్చేది? పొద్దుటినుంచి సూస్తన్నా నీకోసం. పో, లోపల ఉంది," అని గదిమాడు. అబద్ధం ఆడటంలో ఆయన నాకంటే గట్టివాడని ఆ రోజే తెలిసింది.

నాన్న లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతూ ఆగి, చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ఆ జీపు స్టీరింగును ముట్టుకుని చేతులు కళ్లకు అద్దుకున్నాడు. లారీ ఎక్కేటప్పుడు ఎప్పుడూ చేసే పనే. షాపులో పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నాన్న పట్టించుకోలేదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూసి, "ఊగట్లేదే," అన్నాడు.

"బండి నడిస్తేనే తెలిసిద్ది బాబాయ్," అని అన్న ఆట మొదలుపెట్టాడు.

నాన్న ఎడమ కాలు కింద క్లచ్చు కోసం వెతుక్కుంది. అక్కడ రెండే పెడళ్లు. "క్లచ్చు లేకుండా బండి ఎట్టారా?" అని చిరాకుపడ్డాడు. ఆ ఊళ్లో అందరూ కుడివైపు పోతుంటే ఆయన ఎడమవైపే పోయాడు. ఎదురొచ్చే కార్లన్నీ గొంతు పట్టేసిన హారన్లు మోగించాయి. ఎర్ర లైటు కనబడితే ఆగాడు. పిల్లలు నెత్తి కొట్టుకున్నారు. "పో బాబాయ్, ఎవరూ పట్టుకోరు!" అని ఒకడు. "టైమైపోద్ది బాబాయ్!" అని ఒకడు. నాన్న పచ్చ లైటు పడేదాకా ఆగి, నిండు లోడు వేసుకున్నవాడిలా మెల్లగా కదిలాడు.

మలుపు దగ్గర ఒక మనిషి ఫుట్‌పాత్ దిగాడు. నాన్న గబుక్కున బ్రేకు తొక్కాడు. కారు జారి ఆ మనిషి మీదికే పోయింది. అప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. నేను చూశాను.

"ఏం కాలేదు బాబాయ్, కళ్లు తెరువు. పక్కకు దూకాడు," అన్నాడు అన్న.

నాన్న కళ్లు తెరిచి ఆ మనిషిని చూశాడు. వాడు లేచి, ఏమీ జరగనట్టు నడిచి పోతున్నాడు. నాన్న కారు వెనక్కి తీసి మళ్లీ ఆ మనిషి మీదికి పోనిచ్చాడు. వాడు మళ్లీ దూకాడు. ఇంకొకరి మీదికి పోనిచ్చాడు. ఆవిడా దూకింది. పిల్లలు ఈలలు వేశారు, బాబాయ్‌కి ఆట వచ్చేసిందని. నాన్న చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచక, ఒకరి తర్వాత ఒకరి మీదికి పోనిస్తూనే ఉన్నాడు. కాసేపటికి షాపులో ఈలలు ఆగిపోయాయి.

"ఎంత మందిని... ఎంత మంది దూకుతన్నారో సూడు," అన్నాడు నాతో. "దీన్ని తయారుచేసినోళ్లు ఎవరో గానీ మంచోళ్లురా."

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. మంచం దిగాడు గదా అని అమ్మ సంబరపడింది. గడ్డం గీసుకున్నాడు, అన్నం ఇంకాస్త పెట్టమని అడిగాడు. నేనైతే మా నాన్న నయమైపోయాడనే అనుకున్నాను. కానీ చాచా ఒక సాయంత్రం, లారీని షెడ్డులోంచి బయటికి తీసి పెట్టమని తాళం ఇస్తే, నాన్న తాళం వంక చూసి, "రేపు తీస్తా భాయ్," అన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. శివరాత్రి దగ్గర పడుతోంది. రోడ్ల మీద కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టడానికి వెదురు బొంగులు పోతున్నాయి.

ఆఖరుకు ఒకరోజు నాన్న ఆట మధ్యలో ఆపేసి అన్నను అడిగాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇందులో ఆగిపోయే మనిషిని పెట్టలేవా?"

"ఆగిపోవటం ఏంది బాబాయ్?"

"అదేరా. బండి వస్తంటే దూకకుండా, అట్టే నిలబడిపోయేటోడు. ఒక్కడు చాలు. నేను బ్రేకేసి సూసుకుంటా. బండి ఆగిద్దో లేదో సూసుకుంటా."

అన్న మౌస్ వదిలేసి నాన్న వైపు తిరిగాడు. "అది మన చేతిలో లేదు బాబాయ్. సీడీలో ఎట్టా ఉంటే అట్టే," అన్నాడు.

"అయితే ఇంకెందుకురా ఇది," అని నాన్న చెప్పులు వేసుకుని లేచిపోయాడు. నాకు చాలా భయం వేసింది. మళ్లీ ఆ మంచమూ ఆ గోడా అని తెలిసిపోయింది. తలుపు దగ్గర చాచా టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆ పూట కొడుకును ఎద్దేవా చెయ్యలేదు, టీ కూడా తాగలేదు.

శివరాత్రికి ముందు రోజు పొద్దున్నే చాచా మా ఇంటికొచ్చి నాన్నను రెక్క పట్టుకుని లేపాడు. నేను వెనకే పోయాను. మూతపడిన పత్తి మిల్లు ఒకటి ఉండేది మా సందు చివర, దాని ఆవరణంతా ఖాళీ. అక్కడ లారీ నిలబెట్టి ఉంది. చాచా తనే తోలుకొచ్చాడు. వెనక నాపరాళ్లు నిండుగా ఉన్నాయి.

"లోడెందుకు భాయ్?" అన్నాడు నాన్న.

"ఖాళీ బండిని ఎవడైనా ఆపుతాడు," అని చాచా తాళం ఆయన చేతిలో పెట్టి, ఆవరణ అవతలి వైపుకు నడిచాడు. నడిచి నడిచి, గోడకు ఇవతల ఆగి, ఇటు తిరిగి నిలబడ్డాడు. "రా! నేను నిలబడతా. బ్రేకేసుకో!"

నాన్నకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కేకలు వేశాడు. "నీకేమన్నా మతి పోయిందా భాయ్? ఇవతలికి రా!"

"బ్రేకులు నేను కట్టినయ్యి. కాలు నీది. మనిద్దరిలో దొంగ ఎవరో తేలిపోవాల ఇయ్యాల. ఎక్కు!"

"నువ్వు దూకుతావుగా? చివర్లో దూకుతావుగా?"

"దూకను. అల్లా మీద ఒట్టు, దూకను."

నాన్న లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. నా వంక చూశాడు. నేను ఏమనాలి? పోమంటే చాచా ఏమైపోతాడో, వద్దంటే నాన్న ఏమైపోతాడో. మిల్లు గేటు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాన్న చెప్పులు విడిచి, లోపలికెక్కి, స్టీరింగు ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఇంజను మోగింది.

మొదటిసారి సగం దూరంలోనే ఆపేశాడు. "ఇదేందిరా, పెళ్లి ఊరేగింపా? ఎనక్కి పో, మళ్లీ రా!" అని చాచా అరిచాడు. ఇంకోసారి ఇంకాస్త దగ్గరగా వచ్చి ఆగింది. "రోడ్డు మీద వచ్చినట్టు రా! ఆ రోజు వచ్చినట్టు రా!" అన్నాడు చాచా. ఆ మాటతో నాన్న చాలాసేపు బండి కదపలేదు. తర్వాత ఒక్కసారిగా గేరు పడిన చప్పుడు, ఎర్రటి దుమ్ము, నేల అదిరింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంత పొడుగు బ్రేకు కీచు, ఆ తర్వాత ఏమీ లేదు.

తెరిచేసరికి దుమ్ములో చాచా నిలబడే ఉన్నాడు. చెయ్యి చాపితే బంపరు తగిలేంత దూరంలో ఉంది లారీ. చాచా పెదాలు కదులుతున్నాయి. గాలి లేదు, ఆయన లుంగీ అంచు మాత్రం వణుకుతోంది. అప్పటిదాకా చాచాకు భయం లేదనుకున్నాను. కాళ్లు వణుకుతూనే అక్కడ నిలబడ్డాడని అప్పుడు తెలిసింది. నాన్న దిగి ఉరికొచ్చేలోపు ఆయన అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. నాన్న కూడా పక్కనే దుమ్ములో కూలబడ్డాడు.

"ఆయన కూడా ఇట్టాగే నిలబడ్డాడు భాయ్," అన్నాడు నాన్న. ఆ రోజు గురించి ఆయన నోరు తెరవడం అదే మొదలు. "నేను తొక్కాను. ఇట్టాగే తొక్కాను."

"తెలుసురా."

"అయినా ఆగలేదు."

"ఆ బ్రేకులు కూడా నేను కట్టినయ్యేగా," అన్నాడు చాచా. "ఆఫీసరు రాసిచ్చాడంటావు. రాసిచ్చింది సదివితే నిద్ర పడుతందా? ఒక్క పూట పడుకోలేదురా నేను. నీ కాలు సరిగా పళ్లేదో, నా చేతిలో తేడా వచ్చిందో అనుకుంటానే ఉన్నా."

ఇద్దరూ లారీ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చారు. అంత వయసున్న మగవాళ్లు అలా ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. కాసేపటికి చాచా ముక్కు చీది, ఎంత మంచి కాలు, ఎంత మంచి బ్రేకు ఉన్నా ఒక్కోసారి రోడ్డు చాలదని, అది ఎవరి చేతిలోనూ లేదని అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఏమే, సూస్తా నిలబడ్డావేంది, నీళ్లు తే," అని గదిమాడు.

ఆ సంగతి తెలిశాక చాచీ ఆయన్ని పెట్టిన తిట్లు షెడ్ల వరస మొత్తానికి వినబడ్డాయి. అమ్మ ఆమెకు వంత పాడింది. చాచా బుద్ధిమంతుడిలా తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆ పూట ఒక బండికి బ్రేకులు కట్టి, మళ్లీ విప్పకుండా పంపించాడు. శివరాత్రి తెల్లారి నాన్న లారీ ఎక్కాడు. నా బడి ఆగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు తోలాడు. తోలాడు గానీ మునుపటి మనిషి కాదు. దూరంగా మనిషి నీడ కనబడినా కాలు బ్రేకు మీదికి పోయేది, లోడు ఎప్పుడూ ఆలస్యంగా చేరేది, ఓనరు సణిగేవాడు. శావల్యాపురం దాటేటప్పుడు ఇప్పటికీ మా బస్సు డ్రైవరు మామూలుగా బ్రేకు వేసినా నా చెయ్యి దానంతటదే కడ్డీని గట్టిగా పట్టుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లు పట్టుకుంటానో నాకే తెలియదు. ఈ అలసటంతా టిక్కెట్ల వల్లే కాదేమో.

ఇప్పుడు అక్కడ ఆ సందు లేదు. షెడ్లన్నీ బైపాస్ రోడ్డు మీదికి పోయాయి. పత్తి మిల్లు ఉన్న చోట ఫంక్షన్ హాలు కట్టారు. ఫోన్లొచ్చాక అన్న షాపు మూసేసి వేరే ఊరు పోయాడు. చాచా పోయాడు, చాచీ పోయింది. వాళ్ల తర్వాత కొన్నాళ్లకు నాన్న కూడా పోయాడు. ఆ జీపు స్టీరింగు ఏ పాతసామాన్లలో కలిసిందో. ఆ మనుషులతో పాటే ఆ కోపాలు, ఆ అబద్ధాలు కూడా పోయాయి, వాటి కోసం ఇప్పుడు ఎవరి దగ్గరికని పోను?

మా వాడు కాఫీ తెచ్చి నా పక్కన కూర్చుని ఫోను సరిచేశాడు.

"చెప్పమ్మా. ముందు ప్లస్సులు."

"ఊరికే తిరగొచ్చు. వాన బాగుంటది."

"మైనస్సులు?"

"క్లచ్చు లేదు."

వాడు నవ్వాడు. "ఇంకా?"

కాఫీ గ్లాసు కింద పెట్టి, వాడు చూపించిన మీటలు నొక్కి కారు కదిపాను. అందరూ కుడివైపు పోతున్నారు, నేను ఎడమవైపే పోయాను. మలుపు దగ్గర ఒక మనిషి ఫుట్‌పాత్ దిగాడు. వాడి మీదికి పోనిచ్చాను. చటుక్కున పక్కకు దూకాడు. ఇన్నేళ్లయినా అంతే చురుగ్గా దూకాడు.

"భలే తప్పుకుంటారు గదా," అన్నాడు మా వాడు. "ఇది ప్లస్సా, మైనస్సా?"

"మైనస్సే. ఇందులో నిలబడే మనిషి ఒక్కడు కూడా లేడురా," అన్నాను.

"నిలబడితే చచ్చిపోతాడు గదమ్మా!"

"అందుకేరా," అన్నాను.